పారదర్శక రెసిన్ బల్ల: లోపల పెట్టిన వస్తువుకు ఏమవుతుంది?

గాజులా మెరిసే బల్ల. దాని లోపల ఎండుటాకులు, గవ్వలు, పాత నాణేలు నీటిలో మునిగినట్టు కదలకుండా ఉంటాయి. ఇలాంటి చేతితయారీ ఫర్నిచర్ వీడియోలు చూస్తే పని చాలా తేలికనిపిస్తుంది. రెండు సీసాల ద్రవాలు కలిపి పోస్తారు, మరుక్షణం నునుపైన బల్ల కనిపిస్తుంది. ఆ రెండు దృశ్యాల మధ్య వారాలు గడుస్తాయి. కలిపి పోసే ఆ ద్రవమే రెసిన్. ఒకే కంపెనీ రెసిన్‌తో ఒకరి బల్ల అద్దంలా వస్తుంది, ఇంకొకరిది పాలు కలిపినట్టు మసకబారుతుంది. ఒకరి పువ్వు రంగు నిలుస్తుంది, ఇంకొకరిది నెలలోపే గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు చాలామంది రెసిన్ మంచిది కాదని తేల్చేస్తారు. చాలాసార్లు కారణం రెసిన్ కాదు, లోపలి వస్తువు.

రెసిన్‌ను గాజుపెట్టెలా ఊహించుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. గాజుపెట్టెలో పెట్టిన వస్తువు తన మానాన తానుంటుంది. రెసిన్ పోత అలా కాదు. ద్రవం గట్టిపడే రసాయన చర్య వస్తువు చుట్టూ గంటల తరబడి సాగుతుంది. వస్తువులోని చెమ్మ, గాలి, నూనె, అది వేడిని పీల్చుకునే తీరు, సాగే తీరు అన్నీ ఆ చర్యలో పాల్గొంటాయి.

ఆరడం వేరు, గట్టిపడడం వేరు

రంగు ఆరేటప్పుడు అందులోని ద్రావకం ఆవిరై పోతుంది. ఎపాక్సీ రెసిన్‌లో ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఒక సీసాలో ఎపాక్సీ అణువులు, ఇంకోదానిలో అమైన్లు అనే రసాయనాలతో చేసిన హార్డెనర్, అంటే గట్టిపరిచే ద్రవం ఉంటాయి. ఈ రెండూ ఒకదానితో ఒకటి లంకె వేసుకుంటూ పోయి, చివరికి మొత్తం ముద్ద ఒకే పెద్ద వలగా మారుతుంది. ఈ మార్పునే క్యూరింగ్ అంటారు.

దీన్నిబట్టి కొలత ఎందుకంత కీలకమో తెలుస్తుంది. పాలిష్‌లో థిన్నర్ కాస్త ఎక్కువైతే ఆరడం ఆలస్యమవుతుంది, అంతే. ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువైనా తక్కువైనా, జత దొరకని అణువులు ముద్దలో అలాగే మిగిలిపోతాయి. ఆ భాగం ఎన్ని నెలలైనా జిగటగా, మెత్తగానే ఉంటుంది. హార్డెనర్ ఇంకాస్త పోస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం పాలియెస్టర్ రెసిన్ నుంచి వచ్చింది. అందులో కలిపేది వలలో భాగమయ్యే హార్డెనర్ కాదు, చర్యను మొదలుపెట్టే కెటలిస్ట్. సాధారణంగా 1 నుంచి 2 శాతం వేస్తారు, దాన్ని కొంత అటూఇటూ మార్చవచ్చు. ఎపాక్సీకి ఆ లెక్క వర్తించదు.

గట్టిపడడంలో మెట్లున్నాయి. కలిపిన గిన్నెలో ద్రవం పోయడానికి వీలుగా ఉండే సమయం పాట్ లైఫ్. జెల్లీలా మారడం గెల్ దశ. తాకితే అంటుకోనంత గట్టిపడడానికి రకాన్ని బట్టి 1 నుంచి 3 రోజులు పడుతుంది. పూర్తి బలం, పూర్తి వేడి ఓర్పు రావడానికి 7 నుంచి 30 రోజులు పడుతుంది. మూడో రోజు గట్టిగా కనిపించే బల్ల మీద బరువైన కుండీ పెడితే అడుగు ముద్ర పడేది ఈ తేడా వల్లే.

రెసిన్ అన్న ఒక్క మాట కింద అనేక పదార్థాలు

ఫర్నిచర్‌లో ఎక్కువగా కనిపించేది ఎపాక్సీ. అందులోనూ రెండు జాతులున్నాయి. పైపూతకు వాడే టేబుల్‌టాప్ రకం చిక్కగా ఉంటుంది, త్వరగా గట్టిపడుతుంది, ఒక్కసారికి 3 మిల్లీమీటర్ల మందం మించకూడదు. డీప్ పోర్ రకం పల్చగా ఉంటుంది, నిదానంగా గట్టిపడుతుంది, ఒకే పోతలో 5 సెంటీమీటర్ల వరకు తట్టుకునేవి ఉన్నాయి. వస్తువులు పొదగడానికి పనికొచ్చేది ప్రధానంగా ఈ రెండోదే.

పాలియెస్టర్ రెసిన్ చవక, గట్టి, పాలిష్ బాగా పడుతుంది. కానీ స్టైరిన్ వాసన ఘాటుగా ఉంటుంది, గట్టిపడేటప్పుడు పరిమాణంలో సుమారు 6 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. చిన్న పేపర్‌వెయిట్‌కు అది ఫర్వాలేదు, వెడల్పాటి బల్లకు పెద్ద చిక్కే. పాలియూరితేన్ నిమిషాల్లో గట్టిపడుతుంది కానీ చెమ్మ తగిలితే నురగ కడుతుంది. ఎండిన పువ్వులు, చెక్క ముక్కల మధ్య అది నమ్మదగిన తోడు కాదు. అతినీలలోహిత దీపంతో గట్టిపడే రకం నగలకు సరిపోతుంది. కాంతి చేరని మందంలో అది ద్రవంగానే మిగులుతుంది.

అన్నిటికంటే స్పష్టంగా, పసుపెక్కకుండా నిలిచేది యాక్రిలిక్. మందమైన యాక్రిలిక్ పోతకు వేడినీ పీడనాన్నీ అదుపు చేసే కర్మాగార పరికరాలు కావాలి కాబట్టి ఇంటి షెడ్డులో కుదరదు. జపాన్ డిజైనర్ షిరో కురమాత 1988లో రూపొందించిన మిస్ బ్లాంచ్ కుర్చీ యాక్రిలిక్ పోతే. అందులో తేలుతున్న ఎర్ర గులాబీలు నిజమైనవి కావు, కృత్రిమమైనవి. ఈ కళలో అందరికంటే పేరున్న కుర్చీలోనూ అసలు పువ్వు లేదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

వేడి: 3 మిల్లీమీటర్ల హద్దు ఎందుకు?

ఎపాక్సీ, హార్డెనర్ కలిసినప్పుడు వేడి పుడుతుంది. ఈ చర్య విడుదల చేసే వేడి ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా ఉంటే మామూలు ఎపాక్సీ ఉష్ణోగ్రత 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరగగలదు. నిజంలో అంత పెరగకపోవడానికి కారణం వేడి ఉపరితలం గుండా బయటికి పోవడమే. అంటే ఎంత వేడి పుడుతోంది, ఎంత బయటికి పోతోంది అన్న రెండిటి మధ్య పోటీ ఇది.

అర లీటరు టేబుల్‌టాప్ రెసిన్‌నే తీసుకుందాం. దాన్ని 3 మిల్లీమీటర్ల మందాన పరిస్తే దాదాపు 41 సెంటీమీటర్ల చదరం నిండుతుంది. అంత వెడల్పు మీద వేడి సులువుగా పోతుంది, బల్ల గోరువెచ్చన దాటదు. అదే అర లీటరును ప్లాస్టిక్ గ్లాసులోనే వదిలేస్తే మధ్యభాగానికి వేడి పోయే దారుండదు. వేడెక్కిన కొద్దీ చర్య ఇంకా వేగమవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపు. ఆ వేగం మరింత వేడిని పుట్టిస్తుంది. నిమిషాల్లో గ్లాసు మెత్తబడి, రెసిన్ పసుపెక్కి, పగుళ్లిచ్చి పొగలు కక్కుతుంది. మందం హద్దు మీరిన బల్లలోనూ జరిగేది ఇదే. కాకపోతే నిదానంగా, కంటికి కనిపించని మధ్యభాగంలో.

డీప్ పోర్ రకం ఈ పోటీని చర్యను మందగింపజేసి గెలుస్తుంది. అందుకే అది గట్టిపడడానికి రోజులు తీసుకుంటుంది. దాన్ని తీసుకెళ్లి 2 మిల్లీమీటర్ల పొరగా పోస్తే తగినంత వేడి పుట్టక రోజుల తరబడి జిగురుగా ఉండిపోతుంది. ‘మందానికి పనికొచ్చేది పల్చనిదానికి ఇంకా బాగా పనికొస్తుంది కదా’ అన్న తర్కం ఇక్కడ చెల్లదు.

మధ్యలో ఉన్న వస్తువు ఈ లెక్కను మారుస్తుంది. రాయి, లోహం వేడిని తమలోకి లాక్కుంటాయి. వాటి పక్కనున్న రెసిన్ చల్లగా ఉండి ఆలస్యంగా గట్టిపడుతుంది. చెక్క, బెండు, ఎండిన కాయలు వేడిని అడ్డుకుంటాయి. వాటి నడుమ చిక్కిన రెసిన్ మిగతా చోటికంటే వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత చూపే తుపాకీ థర్మామీటర్‌తో పోత ఉపరితలాన్ని అక్కడక్కడా కొలిచేవారు ఈ తేడాను ముందే పసిగట్టి ఫ్యాన్ తిప్పుతారు.

లెక్క: ఒక బల్లకు ఎంత రెసిన్?

60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 4 మందం ఉన్న పలక. అచ్చు పరిమాణం 60 × 40 × 4 = 9,600 ఘన సెంటీమీటర్లు, అంటే 9.6 లీటర్లు. లోపల గులకరాళ్లు పెడుతున్నారనుకుందాం. కొలజాడీలో నీళ్లు పోసి రాళ్లను ముంచితే నీటిమట్టం ఎంత పెరిగిందో అదే రాళ్ల పరిమాణం. అది 1.6 లీటర్లయితే రెసిన్‌కు మిగిలే చోటు 8 లీటర్లు. గిన్నెల గోడలకు అంటుకుపోయేదానికి 5 శాతం కలిపితే 8.4 లీటర్లు. తడిసిన రాళ్లు పోతకు ముందు పూర్తిగా ఆరాలని వేరే చెప్పక్కర్లేదు.

సీసా మీద నిష్పత్తి 2:1 అని, పరిమాణం ప్రకారం అని ఉంటే 5.6 లీటర్ల రెసిన్, 2.8 లీటర్ల హార్డెనర్ కావాలి. ఇప్పుడు చాలామంది పడే తప్పు చూడండి. తూనిక ఖచ్చితం కదా అని ఇదే 2:1ని బరువుకు వాడతారు. కానీ హార్డెనర్ రెసిన్‌కంటే తేలిక. రెసిన్ లీటరు 1.15 కిలోలు, హార్డెనర్ లీటరు 0.95 కిలోలు అనుకుంటే సరైన బరువులు 6.44 కిలోలు, 2.66 కిలోలు. 2:1 తూచితే హార్డెనర్ 3.22 కిలోలు పడుతుంది, అంటే ఐదో వంతుకు పైగా ఎక్కువ. ఆ బల్ల ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. తూచి కలపడమే మేలైన పద్ధతి, సందేహం లేదు. అయితే అందుకు వాడాల్సింది తయారీదారు బరువుకు విడిగా ఇచ్చిన నిష్పత్తి. ఈ ఉదాహరణలో అది 100:41.

కలపడంలో ఇంకో లొసుగుంది. గిన్నె గోడలకు, అడుగుకు అంటుకున్న రెసిన్‌కు హార్డెనర్ అందదు. చివరి చుక్కలు గీకి పోస్తే బల్ల మీద ఒకచోట జిగట మచ్చ తేలుతుంది. కలిపినదాన్ని శుభ్రమైన రెండో గిన్నెలోకి వంచి మళ్లీ కలపడం అందుకే అలవాటైంది.

గాలి: పెద్ద బుడగ కంటే చిన్న బుడగే మొండిది

చిక్కటి ద్రవంలో బుడగ పైకి తేలే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. బుడగ సైజు సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పల్చటి డీప్ పోర్ రెసిన్‌లో, అంటే నీటికంటే సుమారు 400 రెట్లు చిక్కనైన ద్రవంలో, 1 మిల్లీమీటరు బుడగ 5 సెంటీమీటర్లు ఎక్కడానికి అర నిమిషం చాలు. 0.1 మిల్లీమీటరు బుడగకు దాదాపు గంట పడుతుంది. నీటికంటే 2,000 రెట్లు చిక్కనైన టేబుల్‌టాప్ రకంలో అదే చిన్న బుడగకు నాలుగున్నర గంటలు కావాలి. ఆ రెసిన్ అప్పటికే గెల్ అయిపోయి ఉంటుంది. పొగమంచులా కనిపించే మసక చాలాసార్లు ఈ చిక్కుబడ్డ చిన్న బుడగలే. రెసిన్‌ను గిలక్కొట్టకుండా నిదానంగా కలపడం, సన్నటి ధారగా పోయడం, పోసేముందు సీసాలను గోరువెచ్చగా చేయడం అన్నిటి వెనక ఉన్నది ఈ లెక్కే. వెచ్చబెడితే రెసిన్ పల్చబడుతుంది, పాట్ లైఫ్ కూడా తగ్గుతుంది.

గ్యాస్ మంటను ఉపరితలం మీద క్షణంపాటు ఆడిస్తే పైకి చేరిన బుడగలు పగులుతాయి. లోతున ఉన్నవాటిని మంట ఏమీ చేయలేదు. పైగా రెసిన్ నుంచి పైకి పొడుచుకొచ్చిన ఆకు కొసలను మాడ్చేస్తుంది.

వాక్యూమ్, ప్రెషర్ పరికరాల గురించి గందరగోళం ఎక్కువ. రెండూ వ్యతిరేక పనులు చేస్తాయి. వాక్యూమ్ బుడగలను ఉబ్బించి పైకి లాగుతుంది కాబట్టి పోయడానికి ముందు, కలిపిన గిన్నెకు వాడతారు. ప్రెషర్ కుండ బుడగలను నలిపి కంటికి ఆననంత చిన్నవి చేస్తుంది. గేజి మీద 55 పీఎస్‌ఐ చూపితే బుడగ పరిమాణం ఐదో వంతుకు దగ్గరవుతుంది. రెసిన్ గట్టిపడేదాకా ఆ ఒత్తిడి తీయకూడదు, తీస్తే బుడగలు మళ్లీ ఉబ్బుతాయి. బల్లంత పలక ఏ కుండలోనూ పట్టదు కాబట్టి, ఫర్నిచర్ చేసేవారు చిన్న వస్తువులను విడిగా ప్రెషర్‌లో చిన్న దిమ్మలుగా పోసుకుని, వాటిని పెద్ద పోతలో అమర్చే దారి కూడా తొక్కుతారు.

ఇంతాచేసి ఎక్కువ బుడగలు కలపడం వల్ల రావు, వస్తువు నుంచే వస్తాయి. చెక్క, ఎముక, పైన్ కాయ, బెండు లాంటివాటి రంధ్రాల నిండా గాలి. పోత వేడెక్కగానే ఆ గాలి వ్యాకోచించి సన్నటి బుడగల దండలా బయటికి వస్తుంది. దీనికి విరుగుడు సీల్ కోటు. అదే రెసిన్‌ను పల్చగా పూసి, పీల్చుకున్న చోట మళ్లీ పూసి, గట్టిపడ్డాకే అసలు పోత పోస్తారు. సీల్ కోటు వేసేటప్పుడు గది ఉష్ణోగ్రత దిగుతూ ఉండటం మంచిది. చల్లబడుతున్న వస్తువు గాలిని వదలదు, రెసిన్‌నే లోపలికి లాక్కుంటుంది.

ఏ వస్తువు ఎలా ప్రవర్తిస్తుంది

పువ్వులు, ఆకులు. అసలు సమస్య చెమ్మ. నీరు అమైన్ హార్డెనర్‌తో కలిసి తెల్లటి మసకను పుట్టిస్తుంది. రెసిన్ మూసేశాక లోపలి నీరు పోయే దారి లేక రేకులు ఉడికినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. సిలికా జెల్ పొడిలో పూడ్చి వారం పాటు ఉంచితే చాలా పువ్వులు రంగు పెద్దగా పోకుండా ఎండుతాయి. మందమైన మొగ్గలకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. తాకితే కాగితంలా గరగరలాడాలి, తొడిమ వంచితే పుటుక్కున విరగాలి. ఎండినా ఎర్ర గులాబీ నలుపెక్కుతుంది, తెల్లపువ్వు కొన్నిసార్లు తడి కాగితంలా పారదర్శకమవుతుంది. ఇది తప్పు చేసినందువల్ల కాదు, రేకు లోపలికి రెసిన్ పీల్చుకున్నందువల్ల.

కాగితం, ఫొటోలు. నూనె పడ్డ కాగితంలా రెసిన్ పీల్చుకున్న చోట మచ్చలు పడి వెనకవైపు అచ్చు కనిపిస్తుంది. తెల్ల జిగురునో యాక్రిలిక్ వార్నిష్‌నో రెండువైపులా, అంచులతో సహా, రెండు మూడు పొరలు పూసి ఆరబెట్టాక ఇది ఆగుతుంది. ఇంక్‌జెట్ ముద్రణ కరిగి పారే ప్రమాదముంది, లేజర్ ముద్రణ గట్టిది.

గవ్వలు, శంఖాలు. చూడటానికి రాయిలా ఉన్నా లోపల సుడులు తిరిగిన గాలిగది. దాన్ని సిరంజితో ముందే రెసిన్ నింపి గట్టిపడనివ్వకపోతే పోతలో గంటల తరబడి ఒక్కో బుడగ వదులుతూనే ఉంటుంది. పగడాలు, కొన్ని జాతుల శంఖాలు, పెద్ద ఆల్చిప్పలు వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి. అది 1973లో కుదిరి 1975లో అమల్లోకి వచ్చింది. అలాంటివి పొదిగిన బల్లను సరిహద్దు దాటిస్తే కాగితాలు అడుగుతారు.

కాఫీ గింజలు, మసాలా దినుసులు. వీటి సమస్య నూనె. జిడ్డు పట్టిన తలానికి రెసిన్ అంటదు. నెలల తర్వాత గింజ చుట్టూ సన్నటి వెండిరంగు పొర విడుతుంది. సీల్ కోటు కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు.

లోహం. బరువు కాబట్టి కదలదు, గాలి వదలదు, సులువైన వస్తువే. కానీ వేలిముద్రల జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఉన్న తుప్పు, కిలుము యథాతథంగా మూసుకుపోతాయి. నాణేల మధ్య సందుల్లో గాలి ఇరుక్కోకుండా ఒక్కోదాన్నీ రెసిన్ చుక్కతో అతికిస్తారు.

బ్యాటరీ ఉన్న ఏ వస్తువునూ పొదగకూడదు. లిథియం సెల్ పాడైతే ఉబ్బుతుంది, వాయువు వదులుతుంది. రెసిన్‌లో దానికి చోటూ లేదు, దాన్ని తీసే వీలూ లేదు. ఎల్‌ఈడీ పట్టీలనైతే అడుగున గాడి చెక్కి బయటి నుంచి మార్చుకునేలా పెడతారు. పోతలోనే మూసేస్తే దీపం ఆరిన రోజు అది చీకటి గీతగా మిగులుతుంది.

వెండి మెరుపు, మాయమయ్యే గోలీలు

పోత తీశాక ఆకు మీద అద్దం ముక్కలా మెరిసే మచ్చ కనిపిస్తే చాలామంది దాన్ని బుడగ అనుకుంటారు. నిజానికి అది రెసిన్ ఆకు నుంచి వెంట్రుకవాసి విడిపోయిన చోటు. ఎపాక్సీ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.55, గాలిది 1. రెసిన్‌లోంచి వచ్చే కాంతి ఆ సన్నటి గాలిపొరను లంబం నుంచి 40 డిగ్రీలకంటే ఏటవాలుగా తాకితే మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. అందుకే అది ఒకవైపు నుంచి కనబడదు, తల పక్కకు వంచితే వెండిలా మెరుస్తుంది. చెమ్మ, జిడ్డు, వేగంగా గట్టిపడి కుంచించుకుపోవడం, ఈ మూడే కారణాలు. ఒకసారి వచ్చాక బయటి నుంచి సరిచేసే మార్గం లేదు.

ఇదే సూత్రం తిరగబడితే ఇంకో వింత. రంగులేని గాజు గోలీలను ఎపాక్సీలో పొదిగితే అవి దాదాపు మాయమవుతాయి. గాజు గుణకం సుమారు 1.52, రెసిన్‌కు అతి దగ్గర. కాంతి వాటిని పట్టించుకోకుండా దాటిపోతుంది. రంగు గోలీలైతే రంగు ఒక్కటే తేలుతూ కనిపిస్తుంది. తడి గులకరాయి రంగు చిక్కబడేదీ ఇందుకే. రెసిన్‌లో రాయి ఎలా కనిపిస్తుందో తెలియాలంటే ముందు నీళ్లలో ముంచి చూస్తే చాలు.

పగుళ్లు వారాల తర్వాత ఎందుకు?

వేడికి ఎపాక్సీ ఉక్కుకంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ సాగుతుంది, చల్లారితే అంతే ఎక్కువ కుంచించుకుంటుంది. 30 సెంటీమీటర్ల ఉక్కు పానాను పొదిగిన పలక 55 డిగ్రీల వద్ద గట్టిపడి 15 డిగ్రీలకు చల్లారిందనుకోండి. ఆ పొడవులో రెసిన్ దాదాపు 0.7 మిల్లీమీటర్లు కుంచించుకోవాలని చూస్తుంది, ఉక్కు 0.15 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన అర మిల్లీమీటరు పైచిలుకు ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది. పానా పదునైన మూల దగ్గర అది పోగుపడి, ఒక చలిరాత్రి టప్పుమని పగులుగా బయటపడుతుంది. పెద్ద లోహపు ముక్క మీద రెసిన్ పల్చగా ఉన్నచోట ఈ ప్రమాదం ఎక్కువ. గింజల్లాంటి చిన్న వస్తువులకు ఈ తేడా మైక్రాన్లలోనే ఉంటుంది కాబట్టి పగులు వాటి జోలికి రాదు.

ఒకే పోతా, పొరలు పొరలుగానా?

ఎపాక్సీ సాంద్రత సుమారు 1.1. దానికంటే తేలికైన చెక్క, బెండు, ఎండుపువ్వు, గాలి నిండిన గవ్వ అన్నీ పైకి తేలతాయి. మన 4 సెంటీమీటర్ల పలకను ఒకే పోతగా పోయడం రసాయనపరంగా కుదురుతుంది కానీ వస్తువులు చెప్పినమాట వినవు. అందుకే అడుగున ఒక పొర పోసి, అది గెల్ అయ్యే వేళకు వస్తువులను ఒత్తి నిలిపి, తర్వాత మిగతాది పోయాలంటారు ఒకవైపువారు. పొర ఇంకా జిగటగా ఉండగా పోస్తే రెండూ రసాయనికంగా కలిసిపోతాయి. పూర్తిగా గట్టిపడ్డాక అయితే 220 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకు చేసి తుడిచి పోయాలి.

రెండోవైపువారు పొరల మధ్య గీత గురించి చెబుతారు. పైనుంచి చూస్తే కనిపించదు కానీ అంచు నుంచి చూస్తే పొరల హద్దు, దాని మీద చిక్కిన దుమ్ము తెలుస్తాయి. అంచులు బయటికి కనిపించే పలకకు వస్తువులను చుక్క రెసిన్‌తో అచ్చుకు అతికించి ఒకే పోత పోయడం మేలని వారి మాట. చట్రంలో కూర్చునే బల్లపైభాగానికి గీత కనబడదు, పొరల పద్ధతే సురక్షితం. నిర్ణయించేది అంచు కనబడుతుందా లేదా అన్నదే.

ఏ పద్ధతైనా అచ్చు మట్టంగా ఉండాలి. రసమట్టంతో చూడని అచ్చులో 60 సెంటీమీటర్ల పొడవుకు 3 మిల్లీమీటర్ల వాలు కంటికి తెలియదు, తర్వాత దాన్ని రుద్ది తీయాల్సి వస్తుంది. మూలలకు సిలికోన్ పెట్టిన అచ్చు కారుతుందో లేదో చూడటానికి నీళ్లు పోస్తే సందుల్లో చెమ్మ మిగులుతుంది. చీకటిలో లోపల దీపం పెట్టి బయటికి వెలుగు వస్తోందా అని చూడటం మంచి ఉపాయం.

పసుపు, వేడి కప్పు

మామూలు ఎపాక్సీ అణువులో బిస్‌ఫినాల్-ఏ నుంచి వచ్చిన బెంజీన్ వలయాలుంటాయి. అతినీలలోహిత కాంతి, ఆక్సిజన్ తగిలితే వాటి నుంచి పసుపు రంగు పదార్థాలు పుడతాయి. కాంతిని పీల్చే రసాయనాలు, హాల్స్ అనే స్టెబిలైజర్లు ఈ మార్పును నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. సీసా మీద ‘పసుపెక్కదు’ అని ఉంటే ‘ఆలస్యంగా పసుపెక్కుతుంది’ అని చదువుకోవాలి. తెల్లటి గవ్వలు, కాగితం మీద ఆ ఛాయ ముందు కనబడుతుంది, ముదురు చెక్క, ఇత్తడి మీద ఏళ్లు గడిచినా తెలియదు. లోపలి పువ్వు రంగు కూడా అదే కాంతికి వెలిసిపోతుందని మరిచిపోకూడదు.

వేడి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చాలా డీప్ పోర్ రెసిన్లు 50 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడడం మొదలుపెడతాయి. వేడి టీ కప్పు వలయం పడేది అందుకే. ఎక్కువ వేడి తట్టుకునే టేబుల్‌టాప్ రకాన్ని పైపొరగా పోస్తే కొంత రక్షణ. మన పలకకు 1.5 మిల్లీమీటర్ల పైపొరకు 360 మిల్లీలీటర్లు సరిపోతాయి, పైగా మెరుపు కోసం 3000 నంబరు శాండ్‌పేపర్ దాకా రుద్దే శ్రమ తప్పుతుంది.

వాసన లేకపోవడం భద్రత కాదు

ఎపాక్సీకి పెద్దగా వాసన ఉండదు కాబట్టి హాని లేదనుకోవడం ఈ రంగంలో అత్యంత ఖరీదైన పొరపాటు. గట్టిపడని రెసిన్, హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు. వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత కొద్దిపాటి తాకిడికే దద్దుర్లు, వాపు. నైట్రైల్ తొడుగులు, గాలి ఆడే చోటు, రుద్దేటప్పుడు దుమ్ము మాస్కు అందుకే. మూడు నాలుగు రోజుల పలకను రుద్దితే లేచే దుమ్ములో ఇంకా చర్య జరపని అణువులుంటాయి. చేతికి అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో తుడిస్తే అది దాన్ని పల్చబరిచి చర్మంలోకి పంపుతుంది. సబ్బు, నీళ్లే సరైనవి.

భద్రపరచడమా, బంధించడమా?

బామ్మ గాజులనో, పెళ్లిదండలోని పువ్వులనో బల్లలో శాశ్వతంగా ఉంచాలనుకునేవారు అంబర్‌ను ఉదాహరణగా చూపుతారు. బాల్టిక్ అంబర్‌లో 4 కోట్ల ఏళ్లకు అటూఇటూ వయసున్న కీటకాలున్న మాట నిజమే. కానీ వాటిలో చాలావరకు బయటి ఆకారమే నిలిచింది, లోపల చాలాసార్లు ఖాళీ. పైగా అంబర్ బిస్‌ఫినాల్ ఎపాక్సీ కాదు, కిటికీ పక్కన ఎండలోనూ లేదు.

మ్యూజియంలలో వస్తువులను కాపాడేవారు పాటించే సూత్రం ఒకటుంది: చేసిన పనిని వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలగాలి. రెసిన్ పోత దానికి నేరుగా వ్యతిరేకం. గట్టిపడ్డ ఎపాక్సీ కరగదు, వేడి చేస్తే ద్రవం కాదు, మాడుతుంది. అందుకే మళ్లీ కరిగించి వాడుకోవడమూ కుదరదు. ఇది పర్యావరణం వైపు నుంచి వచ్చే అభ్యంతరం. బల్లలో పొదగాలనేవారి వాదనలోనూ బలముంది. పెట్టెలో దాచిన ఎండుపువ్వు పురుగుకూ పొడికీ పోతుంది, నాణేలు చేతులు మారి పోతాయి. బల్లలో ఉంటే రోజూ కళ్లముందుంటాయి, గీత పడితే పైపొర రుద్ది మళ్లీ పోయవచ్చు, దశాబ్దాలు వాడే వస్తువు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కాదు.

ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. ఒకటికి రెండున్న వస్తువులను, నకళ్లను, గులకరాళ్లలాంటి వాటిని రెసిన్‌లో పోయడం. ఒక్కటే ఉన్నదాన్ని పలకలో చెక్కిన గూటిలో పెట్టి, పైన మరలతో బిగించిన గాజు మూత వేయడం. రెసిన్‌లో పోసిన గులకరాళ్ల నడుమ అలాంటి గూడు తేటగా కలిసిపోతుంది. మరలు విప్పితే వస్తువు చేతికొస్తుంది.